ఆమెది కర్ణాటక, నాది తెలంగాణ

ఆగస్టు 6, బుధవారం

గద్వాల దవాఖానలో డాక్టరమ్మ రాయమన్నది. రోజూ మా ఇంటామె ఏం తిన్నది, ఏం మాట్లాడింది, ఏం మరిచింది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసి నెలకోసారి తెచ్చి చూపించమన్నది. నేను ఏడో తరగతి దాకా చదివాను. రాయడం వస్తుంది. మాట్లాడడమే రాదు.

చీటీ రాసే కాడ ఒక పిల్ల "పేషెంట్ పేరేంది తాతా?" అని అడిగింది. ఎప్పటిలాగే ఆధార్ కార్డు తీసి ఇచ్చాను.

"కార్డు తర్వాత. పేరు చెప్పు."

వెనక లైను పెరిగింది. కార్డునే ఇంకొంచెం ముందుకు జరిపాను. "నోరు లేదా ఏంది తాతకు" అని వెనక ఎవరో అన్నారు. ఆ పిల్ల కార్డు చూసి తనే రాసుకున్నది.

మా కాలంలో పెండ్లాం పేరు మొగుడు పలకడు, మొగుని పేరు పెండ్లాం పలకదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందనేవారు. మేము చర్చికి పోయేవాళ్లం, అట్లాంటివి నమ్మొద్దని పాస్టరు చెప్తాడు. నమ్మి కాదు, నోరు తిరగదు. నలభై తొమ్మిదేళ్లుగా "ఇగో" అని నేనంటే ఆమె పలికింది. "ఇంటున్నవా" అని ఆమె అంటే నేను పలికాను. దానికే పొద్దు గడిచిపోయింది.

వచ్చేటప్పుడు డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. "ఆమెను పేరు పెట్టి పిలువు తాతా. నీ పేరు చెప్పు. మాటిమాటికి చెప్తుండు. అన్నీ పోయినా పేరు జర ఎక్కువ రోజులుంటది."

సరే అన్నాను.

ఆగస్టు 7

రెండు జొన్నరొట్టెలు తిన్నది. పప్పు వద్దన్నది. పేరు పెట్టి పిలవలేదు. రేపు.

ఆగస్టు 9

పొద్దున లేచి నన్ను చూసి "యారప్పా నీ?" అన్నది. ఎవరయ్యా నువ్వు అని. కన్నడం.

ఆమె పుట్టిల్లు హొసదొడ్డి. మా ఊరి వాగు దాటి ఎనిమిది కిలోమీటర్లు పోతే వస్తుంది. వాగుకు ఈ పక్క గట్టు మండలం, ఆ పక్క కర్ణాటక. పదిహేడేళ్లకు మా ఇంటికి వచ్చింది. ఆరు నెలలు రెండూ కలిపి మాట్లాడింది, తర్వాత తెలుగే. నన్ను తిట్టింది తెలుగులో, రేణుకను కన్నది తెలుగులో, ప్రార్థన తెలుగులో. ఇప్పుడు తెలుగు కింది నుంచి కన్నడం బయటికి వస్తున్నది, సున్నం రాలితే పాత రంగు కనపడినట్టు.

ఆమె మాట్లాడితే సగం అర్థమవుతుంది. జవాబు చెప్పడం రాదు. వచ్చినా నేనేం చెప్తాను.

ఆగస్టు 10, 11, 12

అదే. మధ్యాహ్నం కాగానే చీరలు మూట కట్టి హొసదొడ్డికి పోతానంటుంది. వాగు దాకా పోనిచ్చి వెనక్కి తెస్తున్నాను.

పేరు పెట్టి పిలవలేదు.

ఆగస్టు 17, ఆదివారం

రాయకుంటేనే బాగుండు.

ఇప్పుడు పత్తి విత్తనం చేన్లలో క్రాసింగ్ నడుస్తున్నది. సాయంత్రం ఆడచెట్టు మొగ్గ గిల్లి లోపలి పుప్పొడి భాగం తీసేయాలి. మర్నాడు పొద్దున మగచెట్టు పువ్వు తెచ్చి దానికి రుద్ది, తొడిమెకు ఎర్రదారం కట్టాలి. దారం ఉన్నదాన్ని ఎవరూ ముట్టరు. దారం లేనివి గిల్లి పారేస్తారు, అవి విత్తనానికి పనికిరావు. ముప్ఫై ఏళ్లు ఆమె చేసిన పని ఇది. ఒక సాలు నేను పూర్తి చేసేలోపు ఆమె రెండు చేసేది.

ఈ రోజు నేను గుడికి, అంటే చర్చికి, తయారవుతున్నంతలో ఆమె పక్కింటి కురుమూర్తి చేనులోకి పోయింది. పొద్దున్నే మొగ్గలు గిల్లింది. గిల్లవలసినవి కాదు. దారం కట్టినవి. నాలుగు సాళ్లు. దారాలన్నీ విప్పి ఒళ్లో పోసుకొని కూర్చున్నది. నేను పోయేసరికి కూలీ ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. వాళ్లకు ఈ పని నేర్పించింది ఆమే.

కురుమూర్తి వచ్చాడు. సాళ్లు చూశాడు, ఆమెను చూశాడు.

"పోనీ తియ్యి ఇస్రాయేలూ. వదినె చెయ్యి పడ్డది, వచ్చే ఏడు ఇంకింత కాస్తది."

తిట్టి ఉంటే నయంగా ఉండేది.

విత్తనం కంపెనీ తరఫున తిరిగే మనిషి మాత్రం నన్ను పక్కకు పిలిచి "తాతా, జర ఆమెను చేన్లకు రానియ్యకు" అన్నాడు. చుట్టూ చేన్లే. ఇంటి గడప దిగితే చేనే. ఎక్కడికి రానియ్యకుండా ఉండాలి?

ఆగస్టు 18

ఆ దారాలు ఆమె దగ్గరే ఉన్నాయి. నీళ్లు తాగిన గ్లాసుకు ఒకటి కట్టింది. తిన్న పళ్లేనికి కట్టరాలేదు, ఏడ్చింది.

ఆగస్టు 24, ఆదివారం

ఆశీర్వాదం బండి మీద వచ్చాడు. ఆమె తమ్ముడు. హొసదొడ్డిలోనే ఉంటాడు. ఆమె అతన్ని చూసి గుర్తుపట్టి రెండు చేతులతో మొహం నిమిరింది. కన్నడంలో గలగలా మాట్లాడింది. నాతో వారం రోజుల్లో అన్ని మాటలు ఆడలేదు.

"బావా, అక్కను మా ఇంటికి తోల్కపోత. నువ్వు గూడ రా. మా కోడలు శిల్ప రోజంత ఇంట్లనే ఉంటది, బట్టలు కుడ్తది, ఒక కన్నేసి పెడ్తది. నువ్వు ఒక్కనివి ఎంతని చూస్తవ్?"

నేను అతనికి నీళ్ల చెంబు అందించాను.

"అల్లుని లెక్క కాదు బావా, అన్న లెక్క రా. నీకు గా మోమాటం ఇంక పోలేదా?"

పోలేదు. పెండ్లినాడు హొసదొడ్డిలో గడప కాడ ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. కొత్త పెండ్లికొడుకు పెండ్లాం పేరు చెప్తేనే లోపలికి పోనిస్తారు, అది వాళ్ల సరదా. "హెసరు హేళు, హెసరు హేళు" అని పట్టుకున్నారు. పేరు రాలేదు. నవ్వులే నవ్వులు. ఆఖరికి లోపలి నుంచి ఆమే, "అతనికి నోరు లేదు, పోనియ్యండి" అన్నది. అందరూ ఇంకా నవ్వారు. ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేశాను. అప్పటినుంచి ఆమెను దింపి రావడం, తీసుకురావడమే. హొసదొడ్డిలో ఒక్క రాత్రి పడుకోలేదు. నలభై తొమ్మిదేళ్లు.

ఆగస్టు 25

రేణుక ఫోన్ చేసింది. మా బిడ్డ. కొత్తకోటలో ఉంటుంది. అల్లుడి పేరు శ్రీశైలం, హైవే పక్కన లారీల మెకానిక్.

"నాయినా, మామ మాటలు ఇని పోకు. ఈడికి రండి ఇద్దరు."

పోయినేడు పది రోజులు ఉన్నాము. షెడ్డు వెనకే ఇల్లు, ముందు హైవే. రెండుసార్లు ఆమె రోడ్డు మీదికి పోయింది. రెండోసారి బెంగుళూరు పోయే లారీ బ్రేకు వేస్తే టైర్లు పొగలు కక్కాయి. అది రేణుకకూ తెలుసు. తెలిసి అంటున్నది. అనకుండా ఉండలేక.

సరే అన్నాను. ఆశీర్వాదానికీ సరే అన్నాను.

ఆగస్టు 28

పోవాలా వద్దా అని హోటల్ కాడ కురుమూర్తిని అడిగాను. అడగలేదు, అతనే తెలుసుకున్నాడు. ఊరికి ఊరే తెలుసుకున్నది.

ఒకరు కరెంటు ఇక్కడే మంచిదన్నారు. ఒకరు బియ్యం ఇక్కడ సన్నవి ఇస్తున్నారన్నారు. రాయచూరులో పెద్ద దవాఖాన ఉంది, గద్వాల కంటే దగ్గర అని ఒకరు. అక్కడి జొన్నలకు రుచి ఉందని ఒకరు.

"బస్సు రెండు దిక్కుల ఆడోల్లకు ఫిరీనే" అన్నాడు కురుమూర్తి. "మొగోనికే ఏడ లేదు. నువ్వు గూడ చీర కట్టుకో ఇస్రాయేలూ, రెండు రాష్ట్రాలు తిరిగిరావచ్చు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"నా కోడిని చూడు. గింజలు ఈడ తింటది, వాగు దాటి ఆడ గుడ్డు పెడ్తది. దాన్ని ఎవడన్న అడిగిండా నీది ఏ రాష్ట్రమని?"

తర్వాత నాతో ఇంటి దాకా నడిచి వచ్చాడు. తలుపు కాడ మెల్లగా, "పోయి రా. ఇల్లు నేను చూస్త. నచ్చకుంటే వాపస్ రా, వాగే గదా" అన్నాడు.

వాగే కదా.

ఆగస్టు 30

ఇక్కడ: ఇల్లు మాది. పింఛను. బియ్యం. కురుమూర్తి. నా మాట.
అక్కడ: ఆమె మాట.

ఇంకా రాద్దామని కూర్చున్నాను. అక్కడిది ఒక్కటే వచ్చింది. లెక్కకు ఇక్కడివే ఎక్కువ.

సెప్టెంబరు 7, ఆదివారం

ప్రార్థన అయినాక పోయాము.

హొసదొడ్డిలో గడప కాడ ముగ్గురు ముసలమ్మలు కూర్చున్నారు. పెండ్లినాటి వాళ్లే. అందులో ఒకామె నన్ను చూసి లేచి, కాళ్లు పట్టేసినా సరే, అడ్డం నిలబడింది.

"హెసరు హేళి ఒళగ బా!"

పేరు చెప్పి లోపలికి రా. శిల్ప కూడా నవ్వింది. "చెప్పు మామా, ఒక్కసారి చెప్తే ఏం పోతది?" ఆ పిల్లకు తెలుగు వస్తుంది, తల్లిది గద్వాల దిక్కే.

ఆమె నా పక్కనే మూట పట్టుకొని నిలబడి ఉన్నది. నా మొహం వంక చూస్తున్నది, వీళ్లు ఎవరి పేరు అడుగుతున్నారో అన్నట్టు. ఆనాడు లోపలి నుంచి వచ్చిన మాట ఈసారి రాలేదు.

ఆశీర్వాదం వచ్చి "పోనియ్యండి మా బావను" అని చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయాడు.

సెప్టెంబరు 9

ఆమె నవ్వింది. ముసలమ్మల మధ్య కూర్చొని చిక్కుడుకాయలు వొలుస్తూ నవ్వింది. నేను వాకిలి బయట కూర్చున్నాను. ఇక్కడికి రావడమే మంచిదయింది. మంచిదే అయింది.

సెప్టెంబరు 11

మంచిగా తింటున్నది. డాక్టరమ్మకు చెప్పాలి. శిల్ప కుట్టుమిషను కింద ఎర్రదారం ముక్కలు ఏరి పెట్టుకుంటున్నది. తలుపు గొళ్లేనికి కట్టింది. మేక చెవికి కట్టబోతే మేక ఒప్పుకోలేదు.

నేను ఇక్కడ ఎవరితోనూ మాట్లాడవలసిన పని లేదు. అది కూడా మంచిదే.

సెప్టెంబరు 15, సోమవారం

ఆశీర్వాదం ఆమె ఆధార్‌లో అడ్రసు మార్పిస్తానన్నాడు. రాయచూరు దవాఖానలో ఇక్కడి కార్డు ఉంటే పని తేలిక అంటున్నాడు. అతను చెడ్డవాడు కాదు. అక్క కోసమే తిరుగుతున్నాడు.

"బావా, నీది గూడ మార్పిద్దామా?"

నాకు పింఛను ఉంది, నెలనెలా ఊరికి పోయి వేలిముద్ర పెట్టాలి అన్నాను. అది నిజమే.

ఆమెది మారిస్తే ఏమవుతుందని అడగాలనుకున్నాను. బండి స్టార్టు చేశాడు. చెయ్యి ఊపాను.

సెప్టెంబరు 26

ఆమె కొత్త కార్డు వచ్చింది. కన్నడ అక్షరాలు మన అక్షరాల లాగే ఉంటాయి, తలకట్టు కొంచెం వేరు. కూడబలుక్కొని చదివాను.

పాత కార్డులో ఆమె పేరు కింద భర్త ఇస్రాయేలు అని ఉండేది. ఇందులో కేరాఫ్ ఆశీర్వాదం అని ఉన్నది.

రెండుసార్లు చదివాను. అచ్చు తప్పు కాదు.

సెప్టెంబరు 27

ఏమీ రాయవలసింది లేదు.

అక్టోబరు 4, శనివారం

పొద్దున చాయ తాగి నా పక్కకు వచ్చి కూర్చున్నది. తెలుగులో అడిగింది. చక్కటి తెలుగు.

"ఓ అన్నా, గట్టు పొయ్యే బస్సు ఎన్నిగంటలకు?"

నేను శిల్ప వంక చూశాను. శిల్ప మిషను ఆపింది.

"ఎందుకు అత్తమ్మా?" అన్నది శిల్ప.

"ఇంటికి పోవాలె బిడ్డా. మా ఆయన ఒక్కడే ఉన్నడు. ఆయనకు అన్నం వండుకోను రాదు, ఒకరిని అడగను రాదు. ఉపాసం పంటడు."

శిల్ప నన్ను చూపించి, "మామ ఈడనే ఉన్నడు గదా" అన్నది.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఈయన పెద్దమనిషి. పాపం ఎవరో. మా ఆయన సన్నగ, ఎత్తుగ ఉంటడు."

నేను సన్నగా, ఎత్తుగానే ఉండేవాణ్ని.

అక్టోబరు 5

"ఇగో" అన్నాను. తిరగలేదు. "నేనే" అన్నాను. నా పేరు చెప్పాను, ఇస్రాయేలు అని. మంచి పేరు అన్నది.

ఆమె పేరు పెట్టి పిలవలేదు. పిలుస్తాను.

అక్టోబరు 6, సోమవారం

తీసుకొని బయల్దేరాను. ఆశీర్వాదం చిన్నబుచ్చుకున్నాడు. "మా ఇంట్ల ఏం తక్కువైంది బావా?" అన్నాడు. ఏమీ తక్కువ కాలేదు. ఆమె చెయ్యి పట్టుకొని రోడ్డెక్కాను.

సరిహద్దు కాడ బస్సు మారాము. మన బస్సు. ఆమె కిటికీ పక్కన కూర్చొని "గట్టు, గట్టు" అని అందరికీ చెప్తున్నది. కండక్టరు కార్డు అడిగాడు. ఇచ్చాను.

"తాతా, ఇది కర్ణాటకది. అమ్మకు ఈడ ఫిరీ జీరో టికెట్ రాదు."

"మా ఊరే" అన్నాను.

"మీ ఊరైతే మీ ఊరి కార్డు ఉండాలె గదా. నీ కార్డు తెలంగాణది, అమ్మది కర్ణాటకది. లేచిపోయి వచ్చిన్రా ఏంది ఇద్దరు?"

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. టికెట్టు తీసుకున్నాను.

అక్టోబరు 7

ఊరు. నిన్న రాత్రి చేరాము. మన ఇల్లు. కురుమూర్తి తాళంచెవి ఇచ్చి, కుండలో నీళ్లు నింపి పెట్టానన్నాడు.

ఆమె గడప కాడ ఆగింది. లోపలికి తొంగి చూసింది. కన్నడంలో, ఇది మా ఇల్లు కాదు అన్నది. మూట దించలేదు. నిలబడే ఉన్నది.

అక్టోబరు 8, బుధవారం

రేణుక వచ్చింది. తల్లి కాళ్లు కడిగింది, తల దువ్వింది. తర్వాత కార్డు చూసింది.

"ఎవర్ని అడిగి మార్పిచ్చినవ్ నాయినా?"

నేను గడప మీద కూర్చున్నాను.

"నన్నొక్కమాట అడగొద్దా? రేషన్ల పేరు తీసేసిన్రంట. డీలరు చెప్పిండు. రేపు గద్వాల దవాఖానకు తోల్కపోతే ఏం చూపిస్తవ్? ఏం చెప్తవ్? నువ్వు నోరే తెరవవు! మామ రమ్మంటే పోతివి, కార్డు తెమ్మంటే ఇస్తివి. రేపు ఇంకెవడో ఇస్తవా అంటే అమ్మను గూడ ఇచ్చి వస్తవు!"

అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

కార్డు మళ్లీ చూసింది. రేణుకకు కన్నడం రాదు. కింద ఇంగ్లీషులో ఉన్నది చదివింది.

"నీ పేరే లేదు గదా నాయినా దీంట్ల."

"అడ్రసే మారిందనుకున్న" అన్నాను.

రేణుక ఏడ్చింది. ఆమె పక్కనే కూర్చొని రేణుక వీపు నిమిరింది. ఎవరి బిడ్డో ఏడుస్తున్నదని జాలిపడినట్టు.

అక్టోబరు 9

కార్డు తిరిగి మార్పించవచ్చు, ఈ ఊరిలోనే ఉంటుందని రాసి ఇవ్వాలి అని రేణుక కనుక్కొని వచ్చింది. కురుమూర్తి సాక్షి సంతకం పెడతానన్నాడు. "ఏడ పెట్టమంటే ఆడ పెడ్త. వదినె ఈ ఊరిది గాకుంటే ఇంకెవరు ఈ ఊరోల్లు?"

ఆమె అప్పుడు ఎక్కడుందని చూస్తే లేదు. వాగులో దొరికింది. మోకాళ్ల దాకా నీళ్లు. హొసదొడ్డికి పోతున్నది.

ఈ ఊరిలోనే ఉంటుందని ఏమని రాసివ్వాలి?

అక్టోబరు 10

రేణుక కొత్తకోటకు పోయింది. పోతూ ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉన్నది.

అక్టోబరు 12

మళ్లీ హొసదొడ్డి. ఆశీర్వాదం వాకిట్లోకి ఎదురు వచ్చి మూట అందుకున్నాడు. మంచివాడు.

అక్టోబరు 15

తెలుగు మొదలయింది. గట్టు బస్సు ఎప్పుడని.

అక్టోబరు 16

ఈ రోజు వద్దనలేదు. పద పోదామని రోడ్డు మీదికి తీసుకుపోయాను. హొసదొడ్డి బయట బస్సు షెడ్డు ఉంది, సిమెంటు అరుగు. కూర్చున్నాము. బస్సులు వచ్చాయి, పోయాయి. "ఇది కాదు" అన్నాను ప్రతి దానికీ. ఆమె ఒప్పుకున్నది. "మనది ఆఖరుకు వస్తదేమో" అన్నది. పొద్దు వాలేదాకా కూర్చున్నది. మూట విప్పలేదు, ఏడవలేదు, లేచిపోలేదు. చీకటి పడేముందు "రేపు వస్తది పా" అంటే నా వెంట వచ్చింది.

అన్నం తిన్నది.

అక్టోబరు 17, 18, 19, 20

షెడ్డు. ఇంట్లో ఉంటే పరేషాన్ అవుతున్నది. మా ఇంట్లో అయినా, ఇక్కడయినా. షెడ్డు కింద కూర్చుంటే నెమ్మదిగా ఉంటున్నది. ఎదురు చూస్తున్నప్పుడు మాత్రం ఆమె బాగుంటుంది.

మొగుణ్ని గురించి చెప్తుంది. మంచోడు, చెయ్యి ఎత్తలేదు, సంతలో బేరం చెయ్యను రాదు, పెబ్బేరు సంతలో ఎద్దును కొనను పోయి మోమాటానికి మేకను కొనుక్కొచ్చిండు అన్నది. అది నిజమే. నేను ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నలభై ఏళ్లు దాచింది. ఇప్పుడు ఎవరో పెద్దమనిషికి చెప్పింది.

ఆ మనిషి గురించి వినడం నాకు బాగానే ఉంది.

అక్టోబరు 29, బుధవారం

ఇది కూడా రాస్తాను.

షెడ్డులో కూర్చున్నాము. నేను చెప్పులో రాయి దులుపుకోవడానికి వంగాను. తల ఎత్తేసరికి ఆమె రోడ్డు మధ్యకు పోయింది. రాయచూరు నుంచి బస్సు వస్తున్నది, ఆగేది కాదు, ఎక్స్‌ప్రెస్. ఆమె చెయ్యి ఎత్తి దానికి ఎదురు నడుస్తున్నది.

"ఇగో" అన్నాను. వినలేదు.

"ఇగో! ఇంటున్నవా!" అని అరిచాను. నా గొంతు నాకే తెలియలేదు. ఆమె నడుస్తూనే ఉన్నది. "రేణుక అమ్మా!" అని బిడ్డ పేరు పెట్టి పిలిచాను. లేదు. హారను మోగుతున్నది. నా కాళ్లు అంత దూరం అంత తొందరగా పోవు.

"బాలమణీ!"

ఆగింది. వెనక్కి తిరిగి రెండడుగులు నా వైపు వేసింది. బస్సు ఆమె వెనక నుంచి పోయింది. కొంగు లేచి పడింది. దుమ్ము.

దుమ్ములోంచి వచ్చింది. ఆ మొహం నాకు తెలుసు. తిట్టే మొహం. రెండేళ్లయింది చూసి. నేను పోయి చెయ్యి పట్టుకోబోయాను. విదిలించింది.

"ఏం మనిషివయ్యా నువ్వు? తల నెరిసింది, సిగ్గు లేదా? పరాయి ఆడిదాన్ని పేరు వెట్టి పిలుస్తవా నడిరోడ్డు మీద?"

"తప్పయింది" అన్నాను.

"మా ఆయన ఇన్నేండ్ల సంది ఒక్కపారి గూడ నా పేరు తియ్యలే. గంత మర్యాదస్తుడు. ఆయనకు తెలిస్తే నీ కాళ్లు ఇరగ్గొడ్తడు, ఏమనుకుంటున్నవో."

"తప్పయిందమ్మా."

అరుగు మీద కూర్చున్నది, నాకు దూరంగా. కోపం తగ్గేదాకా నేనూ నిలబడ్డాను. తర్వాత అడిగాను. ఎందుకు అడిగానో.

"మీ ఆయన పేరేంది?"

ఆమె నా వంక చూసింది. తల వంచుకొని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నవ్వింది. పదిహేడేళ్ల పిల్ల నవ్వినట్టు.

"చెప్తరా ఏడన్న?"

చెప్పలేదు. మరిచి కాదు, చెప్పకూడదని చెప్పలేదు. అందుకే చెప్పలేదు.

అక్టోబరు 31

ఇక పేరు పెట్టి పిలవను. డాక్టరమ్మ చెప్పింది మంచికే. కానీ ఆ పేరు పిలిచేవాడు పరాయివాడు.

నవంబరు 3, సోమవారం

పొద్దున ఆశీర్వాదం, "బావా, నీ కార్డు గూడ ఈడికి మార్పిద్దాం, ఇద్దరిది ఒక దిక్కు ఉంటది" అన్నాడు. మధ్యాహ్నం రేణుక ఫోన్ చేసి, "నాయినా, అమ్మ కార్డు ఇటు మార్పిస్త, ఇద్దరిది ఒక దిక్కు ఉంటది" అన్నది. ఇద్దరూ ఒకటే మాట. ఇద్దరిదీ న్యాయమే.

ఇద్దరికీ సరే అన్నాను.

రేణుక ఊరుకోలేదు. "సరే అంటే ఏంది నాయినా? ఏడ ఉంటరు మీరు? ఒక్కటి చెప్పు. ఈడనా, ఆడనా?"

చెప్పాలనే నోరు తెరిచాను. షెడ్డు అని చెప్తే ఆ పిల్ల ఇంకా ఏడుస్తుంది.

నవంబరు 5, బుధవారం

గద్వాలకు పోవలసిన రోజు. పోలేదు. ఏ కార్డుతో పోవాలి? ఈ బుక్కు చూపించేది కూడా కాదు.

సాయంత్రం షెడ్డులో ఆమెకు నా మీద కోపం లేదు. ఆ మాట మరిచిపోయింది. బస్సులు చూస్తూ చూస్తూ నా దగ్గరికి జరిగింది. కొంగు ముడి విప్పి ఎర్రదారం ముక్క తీసింది. నా చొక్కా రెండో గుండీకి చుట్టి, గోటితో బిగించి, క్రాసింగ్ ముడి వేసింది. ఆ ముడి ఒకసారి పడితే వాన పడినా ఊడదు. చేతులు ఏమీ మరిచిపోలేదు.

అటుగా గడ్డిమోపు ఎత్తుకొని పోతున్న ఒకామెను పిలిచి నన్ను చూపించింది.

"ఇది అయింది. దీన్ని ఎవరు ముట్టొద్దు" అన్నది తెలుగులో.

ఆ గడ్డిమోపు మనిషికి తెలుగు రాదు. తల ఊపి పోయింది.

నవంబరు 6

చొక్కా ఉతకను ఇవ్వమని శిల్ప రెండుసార్లు అడిగింది. ఇవ్వలేదు.